బ్లోయరు బిగించే ముందు

సావనీరుకు ఏదైనా రాసివ్వమని మన యూనియన్ మిత్రులు అడిగినప్పుడు నాకు కవిత్వం రాదని చెప్పి తప్పించుకోబోయాను. "నీకు ఏమి వస్తే అదే రాయప్పా" అన్నారు. నాకు వచ్చింది కొంచెం సేద్యం, క్లాసులో విన్న కొంచెం భౌతికశాస్త్రం. ఈ రెండింటి మధ్య మా ఇంట్లో ఆరు నెలలుగా ఒక తగాదా నడుస్తోంది. దాని గురించే రాస్తున్నాను. కార్లంటే ఆసక్తి లేనివాళ్ళు కూడా ఓపికపట్టి చదవాలని మనవి.

మాది కళ్యాణదుర్గం పక్క మెట్టపల్లె. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప. నాయన శెనక్కాయ వేస్తాడు, బోరు కింద నాలుగు వరసల చీనీ చెట్లున్నాయి. మా అన్న చదువు మధ్యలో మానేసి ఒక పాత పెట్రోలు కారు కొన్నాడు. పగలు చీనీకాయల గంపలు, రాత్రయితే కానుపు కేసులు, పాము కరిచిన కేసులు. 108 వచ్చేలోగా ఊరికి ఉన్న ఆసరా ఆ కారే. అందుచేత అది మా అన్న సొంత బండే అయినా మా ఊరి బండి కూడా.

పోయిన సంక్రాంతికి అన్న గోనెసంచిలో ఏదో బరువు వస్తువు మోసుకొచ్చినాడు. బెంగుళూరు గుజిరీలో ఏదో విదేశీ కారు నుంచి విప్పిన సూపర్‌చార్జరు. మెకానిక్కుల భాషలో బ్లోయరు. రెండు పొట్టేళ్ళు అమ్మిన డబ్బు దానికి పెట్టినాడు. నాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి "ఏందిరా ఇది, పిండి రుబ్బేదా?" అన్నాడు.

"దీన్ని బిగిస్తే మన బండి లోడు మీద కూడా మిట్ట ఎక్కుతుంది నాయనా" అని అన్న.

"ఇంజను కంప్రెషన్ చూపించినావా అన్నా?" అని నేను.

"ఇంజను బాగనే పోతాంది కదరా, ఇంగేం చూపించాల?"

ఈ "బాగనే పోతాంది" అన్న మాటతోనే నాకు పేచీ. ఉన్న బరువు మోస్తున్నంత మాత్రాన రెట్టింపు బరువు మోయగలదని ఎవరు చెప్పారు? మన పల్లెల్లో బోరులో నీళ్ళు తగ్గితే 5 హార్స్‌పవర్ మోటారు తీసేసి ఏడున్నర దించుతారు. నీళ్ళకు బదులు ఇసుక వస్తుంది, మోటారు కాలుతుంది. బోరు విషయంలో ఇంత చూసినవాళ్ళం కారు విషయంలో మళ్ళీ అదే పని చేస్తామా?

సూపర్‌చార్జరు అంటే ఏమిటో రెండు ముక్కల్లో చెప్తాను. మామూలు ఇంజను తన పిస్టన్ కిందికి దిగినప్పుడు ఎంత గాలి లోపలికి వస్తే అంతే పీల్చుకుంటుంది. ఎక్కువ పెట్రోలు కాలాలంటే ఎక్కువ గాలి కావాలి. ఆ గాలిని బలవంతంగా లోపలికి తోసే పంపు ఇది. క్రాంకు షాఫ్టు కప్పీ నుంచి బెల్టు వేసి తిప్పుతారు. టర్బో అయితే సైలెన్సరు వైపు పోయే వేడి పొగతో తిరుగుతుంది, తేడా అంతే. అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో ఉన్ని మిల్లు నడుపుకునే రూట్స్ అన్నదమ్ములు 1860లో పేటెంటు తీసుకున్న యంత్రానికి మా అన్న తెచ్చినది మునిమనవడు. అప్పట్లో దానితో కొలుములకు, గనులకు గాలి కొట్టేవారట. అది కారులోకి రావడానికి ఇంకా అరవై ఏళ్ళు పట్టింది. మెర్సిడిస్ వాళ్ళు 1921లో బ్లోయరు కార్లను ప్రదర్శనకు పెట్టారు.

ఇక మన అనంతపురం ఎండలో దీని సంగతి చూద్దాం. నేను నోటుబుక్కులో లెక్క వేశాను. బయటి గాలి 40 డిగ్రీలు అనుకోండి, మనకు ఏప్రిల్లో అది మామూలే. బ్లోయరు ఆ గాలి ఒత్తిడిని ఒకటిన్నర రెట్లు చేస్తుంది, అంటే సుమారు 7 పౌండ్ల బూస్టు. నొక్కితే గాలి వేడెక్కుతుందని సైకిలు పంపు పట్టిన ప్రతివాడికీ తెలుసు. ఈ రకం పాత బ్లోయరు సామర్థ్యం నూటికి అరవై అనుకుంటే బయటికి వచ్చే గాలి వేడి 104 డిగ్రీలు! అదే లెక్క 15 డిగ్రీల చలిదేశంలో చేస్తే 74 మాత్రమే. వేడి గాలి పలచన. ఒత్తిడి 50 శాతం పెరిగినా లోపలికి పోయే గాలి బరువు పెరిగేది 25 శాతమే. ఆ పెరిగిన దాంట్లోంచే బ్లోయరు తిరగడానికి కూడా శక్తి పోవాలి, అప్పు ఇచ్చినవాడు ముందుగానే వడ్డీ పట్టుకున్నట్టు. మధ్యలో ఇంటర్‌కూలరు పెట్టి గాలిని 57 డిగ్రీలకు దించగలిగితే ఆ 25 కాస్తా 40 శాతం దాటుతుంది. కాబట్టి బ్లోయరు కొన్నవాడు ఇంటర్‌కూలరు కొనకపోతే ఎద్దును కొని పగ్గం మరిచిపోయినట్టే.

వేడి గాలితో అసలు ప్రమాదం నాకింగ్. మెకానిక్కుల లెక్క ప్రకారం 9.5 నిష్పత్తి ఉన్న ఇంజనుకు 7 పౌండ్ల బూస్టు ఇస్తే అది స్థూలంగా 14 నిష్పత్తి ఇంజనులాగా ప్రవర్తిస్తుంది. ప్లగ్గు మంట చేరకముందే మూలన ఉన్న పెట్రోలు దానంతట అదే పేలుతుంది. పిస్టన్ మీద సుత్తితో కొట్టినట్టు ఉంటుంది. మా పక్క ఊరి పిల్లవాడొకడు ఏ పరీక్షా లేకుండా ఇట్లాంటిదే బిగించుకున్నాడు. ఇరవయ్యో రోజున పిస్టన్‌కు పైన చిల్లి పడింది, నూనె అంతా రోడ్డు పాలు. ఆ కారు వేపచెట్టు కింద నిలబడి ఉంది. వాళ్ళ అమ్మ దాని టాపు మీద మిరపకాయలు ఆరబెడుతోంది.

అన్నతో వారం రోజులు వాదించి, చివరకు అమ్మ చేత చెప్పించి, కారును కళ్యాణదుర్గంలో మాకు తెలిసిన సాయిబు మామ షెడ్డుకు తీసుకుపోయాం. నాలుగు ప్లగ్గులూ విప్పి, ప్లగ్గు రంధ్రంలో గేజి బిగించి, యాక్సిలరేటరు పూర్తిగా తొక్కిపట్టి సెల్ఫు కొట్టాలి. ఒక్కొక్క సిలిండరుకూ సూది ఎంత లేస్తే అది రాసుకోవాలి. 160, 155, 110, 158 వచ్చినాయి. మూడో సిలిండరు దగ్గర అన్న ముఖం చూడాలి! మామ ఏమీ మాట్లాడకుండా అందులో ఒక చెంచా ఇంజను నూనె పోసి మళ్ళీ సెల్ఫు కొట్టించినాడు. సూది 145కు లేచింది. నూనె రింగుల చుట్టూ చేరి సందు మూసింది, కాబట్టి అరిగింది రింగులు. వాల్వులో లీకు ఉంటే నూనె పోసినా సూది అంతగా కదలదు. మూడేళ్ళు భౌతికశాస్త్రం చదువుతున్న నాకు ఇంత శుభ్రమైన ప్రయోగం ఏ ల్యాబులోనూ ఎదురుకాలేదని నిజాయితీగా ఒప్పుకుంటున్నాను.

రింగులు ఎందుకు అరిగాయి? ఎయిర్ ఫిల్టరు డబ్బా కొక్కెం ఎప్పుడో విరిగితే అన్న కట్టుతీగతో బిగించినాడు. ఫిల్టరు దాటి లోపలి గొట్టంలో ఎర్రమట్టి పూత. మన మెట్ట రోడ్ల దుమ్ము నూనెలో కలిస్తే సానరాయి పొడి అవుతుంది. బ్లోయరు పెడితే ఇంజను ఇంకా ఎక్కువ గాలి పీలుస్తుంది, అంటే ఇంకా ఎక్కువ మట్టి తింటుంది. తర్వాత రేడియేటరు విప్పితే లోపల తెల్లటి పెచ్చులు. ఇన్నేళ్ళూ మా బోరునీళ్ళే పోసినాం. ఇంట్లో కాగు అడుగున పట్టే సున్నమే అక్కడా పట్టి సగం దారులు మూసేసింది. ఉన్న వేడినే దించలేని రేడియేటరుకు కొత్త వేడి అప్పజెప్పబోతిమి!

విదేశీ పుస్తకాల్లో బ్లోయరుకు ఇంజను సిద్ధం చేయడమంటే ఫోర్జ్‌డ్ పిస్టన్లు, గట్టి కనెక్టింగ్ రాడ్లు, ఉక్కుపొరల హెడ్ గ్యాస్కెట్టు అని మొదలవుతుంది. అవన్నీ కావలసినవే. కానీ మన జిల్లాలో ఆ పని ఫిల్టరు డబ్బా కొక్కెం దగ్గర, రేడియేటరులోని నీళ్ళ దగ్గర మొదలవ్వాలి. ఇదే నేను చెప్పదలచుకున్న మాట.

మామ రింగులు మార్చి, వాల్వులు గ్రైండింగ్ చేసి, రేడియేటరు కడిగించి, కూలెంటు పోసినాడు. ఖర్చు ఎంతయిందంటే పొట్టేళ్ళ లెక్కలో ఇంకొక పొట్టేలు, ఒక మేక. ఇప్పుడు నాలుగు సిలిండర్లూ ఐదు పౌండ్ల తేడాలో ఉన్నాయి. చీనీ గంపలతో రెండో గేరులో ఎక్కే మిట్టను మూడో గేరులో ఎక్కుతోంది. కంపెనీ ఇచ్చిన శక్తినే మట్టికీ సున్నానికీ పోగొట్టుకున్నాం, దాన్ని వెనక్కి తెచ్చుకున్నాం. చాలామందికి ఇక్కడితో సరిపోతుందని నా అభిప్రాయం.

"నువ్వు పిరికోడివి, సైన్సు చదివి ముందడుగు వద్దంటావా" అని హాస్టల్లో మిత్రులు ఎగతాళి చేశారు. వద్దనడం లేదు మిత్రమా. 2019లో పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ నుంచి సెల్టోస్ కారు వచ్చింది. అప్పుడు అందులో 1.5 లీటరు మామూలు పెట్రోలు ఇంజను 115 హార్స్‌పవర్ ఇచ్చేది, 1.4 లీటరు టర్బో 140 ఇచ్చేది. చిన్న ఇంజనుకు ఎక్కువ బలం. కానీ ఆ కంపెనీ 1.5కే టర్బో తగిలించి అమ్మలేదు చూడండి. టర్బోకు వేరే ఇంజనే పెట్టింది. అంత పెద్ద కంపెనీకి లేని తొందర మనకెందుకు?

ఇంకొక కథ. ఇంగ్లండులో బెంట్లీ కార్లు చేసిన డబ్ల్యు.ఓ. బెంట్లీకి బ్లోయరు అంటే గిట్టేది కాదు, బలం కావాలంటే ఇంజను పెద్దది చేయమనేవాడు. ఆయన మాట కాదని బిర్కిన్ అనే రేసుగాడు నాలుగున్నర లీటర్ల బెంట్లీకి బ్లోయరు పెట్టించాడు. 1930 లెమాన్స్ పందెంలో ఆ బ్లోయరు కార్లు పందెం పూర్తి చేయలేదు, గెలిచింది బ్లోయరు లేని స్పీడ్ సిక్స్ బెంట్లీ. న్యాయంగా చెప్పాలంటే అదే ఏడాది ఫ్రెంచి గ్రాండ్ ప్రీలో బిర్కిన్ బ్లోయరు కారుతోనే రెండో స్థానంలో వచ్చాడు. కాబట్టి పని చేయదని కాదు. ఆ రోజుకు, ఆ దూరానికి ఏ ఇంజను తట్టుకుంటుందన్నదే ప్రశ్న.

నిజంగా బిగించాలనే పట్టుదల ఉన్నవాళ్ళకు మరికొన్ని సంగతులు. మామూలు ఇంజనులో ఒత్తిడి కొలిచే సెన్సారు బయటి వాతావరణం ఒత్తిడి వరకే చదువుతుంది. బూస్టు దాన్ని దాటితే కంప్యూటరుకు కళ్ళు కనబడవు, అది పాత లెక్క ప్రకారమే పెట్రోలు పోస్తుంది. గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అయితే పిస్టన్ కరుగుతుంది. కాబట్టి సెన్సారు, ఇంజెక్టర్లు, పంపు, కంప్యూటరు ట్యూనింగ్ నాలుగూ కలిసి మారాలి. పైగా ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. నాకింగ్‌ను అది బాగానే తట్టుకుంటుంది, కానీ అదే గాలికి ఇంకొంచెం ఎక్కువ పోయాలి, పాత రబ్బరు గొట్టాలు కూడా చూసుకోవాలి. ప్లగ్గులు ఒక మెట్టు చల్లని రకం వేసి సందు తగ్గించాలి. ఇగ్నిషన్ టైమింగ్‌ను పౌండుకు ఒక డిగ్రీ లెక్కన వెనక్కి తెచ్చి అక్కడినుంచి మొదలుపెట్టాలి. రింగుల చివరల మధ్య సందు కూడా పెంచాలి. లేకపోతే వేడికి వ్యాకోచించి చివరలు తగులుకుని పిస్టన్ అంచును విరిచేస్తాయి. వ్యాకోచం మనం ఇంటర్మీడియెట్‌లోనే చదివాం కదా!

చట్టం కూడా ఒకటుంది. 1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకూ రిజిస్ట్రేషనుకూ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. రాత్రిపూట కానుపు మనిషిని ఎక్కించుకుని పోయేవాడు, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు వాళ్ళు ఏమంటారో ముందే ఆలోచించుకోవాలి. రేసు మైదానంలో తిప్పుకునేవాడి సంగతి వేరు.

యూనియన్ నాయకులకు ఒక విన్నపం. ఏటా వార్షికోత్సవానికి, మైకుసెట్టుకు, ఈ సావనీరుకు ఇంత ఖర్చు పెడుతున్నాం. గుజిరీ నుంచి ఒక పాత నాలుగు సిలిండర్ల ఇంజను, ఒక కంప్రెషన్ గేజి తెచ్చి మన ఫిజిక్స్ ల్యాబు వరండాలో పెట్టించండి. మనలో సగానికి పైగా సేద్యం ఇండ్ల పిల్లలం, ఇంటికి పోతే ట్రాక్టరో మోటారో ఏదో ఒకటి చెడిపోయి ఉంటుంది. బాయిల్ నియమం బోర్డు మీద నేర్చుకుని ఇంటి దగ్గర "బాగనే పోతాంది" అనేవాళ్ళుగా మనం మిగలకూడదు.

బ్లోయరు ఇంకా మా అటక మీద, విత్తనం శెనక్కాయ మూటల పక్కనే ఉంది. మొన్న ఇంటికి పోయినప్పుడు అన్న దాన్ని దించి గుడ్డతో తుడుస్తున్నాడు. కప్పీ చేత్తో తిప్పి చూసి "రింగుల సందు ఎంత పెట్టాలంటివిరా?" అన్నాడు. 75 మిల్లీమీటర్ల బోరుకు మామూలుగా 0.30 ఉంటే బూస్టుకు 0.40 దాకా పెడతారని, అయినా కంపెనీ పుస్తకం చూడందే రింగు మీద ఆకురాయి పెట్టొద్దని కాగితం మీద రాసిచ్చి బస్సెక్కినాను.