పరిహారంలో తల్లికి హక్కు లేదా?

జల్‌పల్లిలో ఒక ఇంట ఆదరణ కూడిక ముగిసిన తరువాత, ఆ ఇంటి పెద్దావిడ మమ్ములను పక్కకు పిలిచి మెల్లగా అడిగారు. "అయ్యగారూ, మా చిన్నోడు శ్రీశైలం రోడ్డు మీద లారీ గుద్ది పోయిండు. కోడలు కేసు వేస్తదట. తల్లికి ఏం రాదని అందరూ అంటున్రు. నిజమేనా?" కోడలు లోపలి గదిలోనే ఉన్నారు. ఒకే దుఃఖంలో ఉన్న ఇద్దరి మధ్య ఆ మాట గోడ కడుతున్నది.

ఆ మాటకు మూలం లేకపోలేదు. క్రైస్తవులకు వర్తించే 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా లేకుండా మరణించినవాని ఆస్తిలో భార్యకు మూడవ వంతు, మిగిలినది పిల్లలకు చెందుతుంది. తల్లికి వాటా లేదు. అయితే ప్రమాద పరిహారం ప్రధానంగా మృతుడు విడిచిన ఆస్తి కాదు. అతని సంపాదనపై బ్రతికినవారికి కలిగిన నష్టానికి ఇచ్చేది. కనుక అతనిపై ఆధారపడిన తల్లికి అందులో హక్కు ఉంది.

1988 మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ ప్రకారం మృతుని చట్టబద్ధ ప్రతినిధులు అందరూ గాని, వారిలో ఎవరైనా గాని దావా వేయవచ్చు. ఒకరే వేసినా అది అందరి మేలు కొరకే. చేరనివారిని ప్రతివాదులుగా చూపాలి. ఎవరికెంత అన్నది ట్రిబ్యునల్ నిర్ణయిస్తుంది.

'ప్రతినిధులు' అన్న మాటకు సుప్రీంకోర్టు విశాలమైన అర్థమే చెప్పింది. పెండ్లయిన కుమార్తె దావా వేయవచ్చునని 2007లో, పెండ్లయి సంపాదించుకుంటున్న కుమారులు కూడా వేయవచ్చునని 2020లో తీర్పులిచ్చింది. అల్లుని ఇంట ఆశ్రయం పొందిన అత్తగారిని 2021లో ప్రతినిధిగా అంగీకరించింది. మన అబిడ్స్‌లో లిటిల్ ఫ్లవర్ హైస్కూలును నడిపే మోంట్‌ఫోర్ట్ బ్రదర్స్ సభ, 1992లో జీపు ప్రమాదంలో మరణించిన తమ సహోదరుని కొరకు వేసిన దావా చెల్లుతుందని 2014లో చెప్పింది. భార్యాబిడ్డలు లేని ఆ సహోదరునికి సభయే కుటుంబం.

"బిడ్డ ప్రాణానికి వెల కట్టించుకోవడం విశ్వాసులకు తగునా?" అని కొందరు సందేహిస్తారు. సంఖ్యాకాండము 27వ అధ్యాయంలో సెలోపెహాదు కుమార్తెలు తండ్రి మరణం తరువాత తమ హక్కు కొరకు మోషే యెదుట నిలిచారు. దేవుడు వారిని గద్దించలేదు, వారి మాట న్యాయమైనదన్నాడు. హక్కు అడగడం దురాశ కాదు. తోటివారి హక్కును మరుగుపరచడమే దురాశ.

కొన్ని సంగతులు గుర్తుంచుకుందాం. 2022 ఏప్రిల్ 1 నుండి జరిగిన ప్రమాదాలకు ఆరు నెలలలోగా దావా వేయాలని చట్టం చెబుతుంది. ఆలస్యమైనా న్యాయవాదిని అడగకుండా ఆశ వదులుకోవద్దు. ప్రమాదం ఎక్కడ జరిగినా దావా మనం నివసించే చోటి ట్రిబ్యునల్‌లో వేయవచ్చు. జల్‌పల్లి వారికి ఎల్.బి. నగర్‌లోని రంగారెడ్డి జిల్లా కోర్టులు దగ్గర. గుద్దిన వాహనం జాడ తెలియకపోయినా, మరణించినవారి కుటుంబానికి 2 లక్షల రూపాయలిచ్చే పథకం ఉంది. 2025 నవంబరులో చేవెళ్ల దగ్గర జరిగిన బస్సు ప్రమాదం వంటి విషాదాలలో ప్రభుత్వం ప్రకటించే ఎక్స్‌గ్రేషియా వేరు, ట్రిబ్యునల్ ఇచ్చే పరిహారం వేరు. అది అందిందని దావా మానుకోనక్కరలేదు. చదవకుండా ఏ కాగితం మీదా సంతకం గాని, వేలిముద్ర గాని వేయవద్దు.

సంఘానికీ ఇందులో పని ఉంది. భార్య అని రుజువు చేయడానికి వివాహ ధ్రువపత్రం కావాలి. కాపరులారా, మీ వివాహ రిజిస్టరు సరిగా ఉన్నదా? ఎఫ్.ఐ.ఆర్., పోస్టుమార్టం రిపోర్టు, మరణ ధ్రువపత్రం, జీతపు కాగితాలు సమకూర్చుకోవడంలో పెద్దలు తోడు వెళ్లవద్దా? విధవరాలిని పరామర్శించడమంటే పాట పాడి, ప్రార్థించి లేచి రావడం మాత్రమే కాదు గదా!

ఆ రోజు మేము కోడలిని కూడా పిలిచి, ఇద్దరినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి ఈ సంగతులే చెప్పాము. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి కోడలు, "అత్తమ్మా, నీ ఆధార్ కార్డు కూడా తియ్యి, రేపు ఇద్దరం పోదాం" అన్నారు. ఆ ఇంట మేము చేసిన రెండవ ప్రార్థన కృతజ్ఞతా ప్రార్థన.