తుపాకిపనియు స్త్రీలును

1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజుగారు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలనుండి తుపాకులు గొనిపోయిన వృత్తాంతము తునివారికి క్రొత్తగాదు. 1878 నాటి ఆయుధశాసనము దేశీయుల చేతులు కట్టివేసెను. స్వతంత్ర భారతము 1959లో వేఱొక శాసనము చేసికొన్నది. దాని 5వ సెక్షను ననుసరించి తుపాకి చేయుటకును, బాగుచేయుటకును లైసెన్సు వలయును. అది పురుషునకే యీయవలెనని యందెచ్చటను లేదు.

మఱి స్త్రీల కడ్డమేమి? పల్లె కొలిమికడ తిత్తి యూదుచు, సమ్మెట కొట్టుచున్న స్త్రీలను మనమందఱము చూచితిమి. ఆకురాయి పట్టి కొలత సరిచూచు నేర్పు మాత్రము కొడుకునకే! తుపాకి మరమ్మతునకు ముఖ్యమైనది బలముగాదు, ఆ నేర్పే. దానికి మొదటిమెట్టు ఐ.టి.ఐ.లలోని ఫిట్టరు, టర్నరు తరగతులు. కూఁతును కంప్యూటరు తరగతికి నిశ్చింతగా బంపు తండ్రి, లేత్‌యంత్రముకడకు బంపుటకేల జంకవలెను? పఠనమందిరములలో స్త్రీస్వాతంత్ర్యమును గూర్చి వాదించు పెద్దలు ఈయేఁడు ఎందఱు బాలికలను ఆ తరగతులలో చేర్పింతురు?