సాదా బతుకుల బొమ్మలు: గీసిందేమిటి, దాచిందేమిటి?

ఇటీవల మన కాలేజీలలో చిత్రకళాభిమానులు కొందరు ఒక వాదం తరచుగా వినిపిస్తున్నారు. కెమెరా మనిషి ముఖాన్ని లాక్కుంటుంది, పెన్సిలు అడిగి పుచ్చుకుంటుంది అంటారు వీరు. పల్లెలోనో, తండాలోనో ఓపికగా కూర్చుని, రంగుల ఆర్భాటం లేకుండా నిత్యజీవితాన్ని గీస్తే అంతకంటె నిజాయితీగల కళ మరొకటి లేదట. అందులో రాజకీయం వుండదట, ప్రచారం వుండదట, వున్నది వున్నట్లుగా వుంటుందట. వినడానికి ఇది సొంపుగానే వుంది. కాని ఇది నిజం కాదు. పైగా ఎవరి బొమ్మలు గీస్తున్నారో ఆ జనానికే ఇది అన్యాయం చేస్తున్నది.

ఈ వాదులు గొప్పగా చెప్పే ఉదాహరణ అమెరికాలోని ఆమిష్ జనం. 1693లో స్విట్జర్లండు, అల్సేస్ ప్రాంతాల క్రైస్తవులలో వచ్చిన చీలికనుంచి పుట్టిన శాఖ ఇది. పద్దెనిమిదో శతాబ్దంలో పెన్సిల్వేనియాకు వలసపోయి, నేడు మూడు లక్షలకు పైబడిన సమాజంగా పెరిగారు. కార్లు కొనరు, గుర్రపు బగ్గీలలో తిరుగుతారు. ఫొటోకు ముఖం చూపి నిలబడడం దైవాజ్ఞకు విరుద్ధమనీ, అహంకారానికి దారితీస్తుందనీ వారి నమ్మకం. అందుచేత చిత్రకారుడు పెన్సిలు పట్టుకుని పోయి బగ్గీని, దండెంమీది బట్టలను, తలవంచి బొంత కుట్టే స్త్రీని గీసుకు వస్తాడు.

బాగానే వుంది. కాని ఆ బొమ్మలోని రైతుకూ, నిజంగా అక్కడ బతుకుతున్న మనిషికీ పొంతన ఎంత? భూమి ధరలు పెరిగాయి, కుటుంబాలు పెరిగాయి. ఆ జనంలో చాలామంది నేడు సేద్యంమీద బతకడం లేదు. వడ్రంగంలోకీ, ఇళ్లు కట్టే పనిలోకీ పోయారు. ఉత్తర ఇండియానాలో వేలాదిమంది మోటారు ఇళ్లు తయారుచేసే ఫ్యాక్టరీలలో కూలికి పనిచేస్తున్నారు. తాను కారు కొనని మనిషి, ఇతరుల విహారంకోసం చక్రాల ఇల్లు బిగిస్తున్నాడు! చిత్రకారునికి ఇంతకంటె గొప్ప వస్తువు ఏం కావాలి? అయినా ఆ గీతలలో ఫ్యాక్టరీ కనిపించడం అరుదు. లాంకాస్టరుకు వచ్చే యాత్రికుడు కొనుక్కుపోయేది బగ్గీ బొమ్మనే గనుక.

ఎక్కడో అమెరికా సంగతి మనకెందుకని ఎవరైనా అనవచ్చు. మన ఇంటి సంగతి ఇంతకంటె భిన్నంగా వుంటే నేనూ అడిగేవాడిని కాదు. గొంగడి కప్పుకున్న గొల్లకురుమ, మోకు వేసుకుని తాడెక్కే గీతకార్మికుడు, అద్దాల లంగా కట్టిన లంబాడ స్త్రీ: ఈ ముగ్గురినీ మన కుర్రవాళ్లు పదేపదే గీస్తున్నారు. పెద్ద పెద్ద ఆఫీసుల గోడలకు అవి ఎక్కుతున్నాయి. కాని దేశంలోని ఎన్నో ఆనకట్టలకు మట్టి మోసిన పాలమూరు కూలీ ఆ గోడలమీద ఏడీ? మగ్గం వదిలి భివండీకి, సూరతుకు పోయిన పద్మశాలి ఏడీ? అప్పుచేసి గల్ఫుకు పోయినవాడు ఏడీ? మా రామంతాపూర్ నుంచి తార్నాకకు వచ్చే దారిలో పొద్దున్నే అడ్డాకూలీలు నిలబడతారు. వారిలో తండాలనుంచి వచ్చిన స్త్రీలూ వున్నారు. నైలాను చీర కట్టి, టిఫిను డబ్బా పట్టుకుని మేస్త్రీకోసం చూస్తుంటారు. ఈమెను గీయరాదా అని ఒక విద్యార్థినడిగితే, "సహజంగా లేదు సార్" అన్నాడు. అద్దాల లంగాలో వుంటేనే ఆమె సహజం, కూలికి నిలబడితే అసహజం! ఈ ఒక్క మాటలో ఆ సౌందర్యదృష్టి బండారమంతా బయటపడుతున్నది.

మన పెద్ద చిత్రకారులు గీసింది పల్లెలనే కదా అని ఎదురుప్రశ్న వేస్తారు. నిజమే. కాని వారు ఏం గీశారో చూడండి. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టిన లక్ష్మాగౌడ్ గీసిన స్త్రీపురుషులలో కోరిక వుంది, మోటుదనం వుంది. పట్నపు పెద్దమనుషులు కట్టుకున్న 'అమాయకపు పల్లె' అనే బొమ్మరిల్లును ఆ గీతలు కూలదోశాయి. తోట వైకుంఠం 1988లో 'దాసి' చిత్రానికి కళాదర్శకత్వం చేసి జాతీయ బహుమతి పొందారు. అందులో పల్లె స్త్రీ వెనుక దొర గడీ వుంది. గడీ వెనుక వున్నప్పుడు ఆమె బొట్టుకూ, గాజులకూ ఒక అర్థం. గడీని తుడిచేసి బొట్టును మాత్రమే మిగిల్చి గీసే అనుకరణలకు మరొక అర్థం. మొదటిది చరిత్ర, రెండోది గోడకు అలంకారం.

గీతకు రాజకీయం లేదనేవారు చిత్తప్రసాద్‌ను గుర్తు చేసుకోవాలి. 1943లో ఆయన కరువు పాలైన మిద్నాపూరులో కాలినడకన తిరిగి, చస్తున్నవారినీ, చచ్చినవారినీ నలుపు తెలుపులలో గీశాడు. కొందరి పేర్లు కూడా రాసిపెట్టాడు. ఆ బొమ్మల పుస్తకాన్ని బ్రిటిషు ప్రభుత్వం పట్టుకుని తగలబెట్టించింది. ఉత్త గీతలకే అంత భయపడిందా ప్రభుత్వం? భయపడింది ఆ గీతలు చెప్పిన నిజానికి.

అయితే ప్రతి బొమ్మలోనూ జెండా పెట్టమంటావా అని నన్ను అడుగుతారు కాబోలు. అక్కరలేదు. బరువు మోసి మోసి ఒకవైపుకు వాలిన భుజం, సున్నం తిన్న వేళ్లు, మేస్త్రీ వస్తాడో రాడోనని రోడ్డువైపు తిరిగిన మెడ, ఇవి చాలు. ఇవి గీయడానికి పెన్సిలును మించిన సాధనం లేదు. నా తగాదా పెన్సిలుతో కాదు, దాన్ని అడ్డం పెట్టుకుని పనినీ, కూలినీ, కాలాన్నీ చెరిపేసే చేతితో.

మరొక సంగతి. ఆమిష్ మనిషి కాదంటే అమెరికావాడు కెమెరా దించాలని నీతి చెబుతారు. మన లంబాడ స్త్రీకి కాదనే హక్కు లేదా? గంటసేపు ఆమెను కదలకుండా కూర్చోబెడితే ఆ గంట కూలి ఎవరిస్తారు? గీసిన బొమ్మ ఆమెకు చూపించినవారు ఎందరు? పెన్సిలు అడిగి పుచ్చుకుంటుందన్న మాట నిజం కావాలంటే ముందు అడగడం జరగాలి.

విశ్వవిద్యాలయం ఆవరణలో 1939నాటి ఆర్ట్స్ కాలేజీ కమానులను, స్తంభాలను విద్యార్థులు ఎంతో శ్రద్ధగా గీస్తుంటారు. ఆ రాళ్లు చెక్కిన చేతులను గీసే అవకాశం మనకు దాటిపోయింది. ఆ మెట్లు వూడ్చే చేతులు మాత్రం ఇవాళ కూడా అక్కడే వున్నాయి. వెళ్లి పేరు అడగండి, అనుమతి అడగండి, గీసి ముందు ఆమెకే చూపండి. ఇది తాను కాదని ఆమె అంటే, ఆ బొమ్మ ఎంత అందంగా వున్నా అబద్ధమే.