గీజరుకు పాత ఫ్యూజు చాలదు

చలికాలం వస్తే పెరట్లో పొయ్యి మీద కాగు ఎక్కించి వేన్నీళ్ళు కాచుకోవడం పల్లెల్లో పాత అలవాటు. ఇప్పుడు చాలా ఇళ్ళలో స్నానాలగదికి గీజరు వచ్చింది. మంచిదే. తెల్లవారుజామున పొయ్యి ఊదే బాధ ఆడవారికి తప్పింది. అయితే గీజరు కొనేటప్పుడు ఎన్ని లీటర్లు పడుతుంది, ఎన్నేళ్ళ గ్యారంటీ అని అడిగే ఇంటి యజమాని, వసారా గోడకున్న పాత ఫ్యూజు బోర్డు దానిని మోయగలదా అని అడగడం లేదు. అమ్మేవారూ చెప్పడం లేదు.

పాత ఇళ్ళకు వైరింగు చేయించిన నాడు ఉన్నవి నాలుగు బల్బులు, రెండు ఫ్యాన్లు. 60 వాట్ల బల్బు తీసుకునేది పావు ఆంపియరు. 2,000 వాట్ల గీజరు దాదాపు 9 ఆంపియర్లు, 3,000 వాట్లదయితే 13 ఆంపియర్లు లాగుతుంది. తీగలో కరెంటు రెట్టింపయితే పుట్టే వేడి నాలుగింతలవుతుంది. లైట్ల కోసం వేసిన సన్నని తీగ గోడలోపల వేడెక్కి, దాని పైతొడుగు కరిగిపోతున్నా ఇంట్లోవారికి తెలియదు.

ఈ ముప్పును ఆపడానికే ఫ్యూజు ఉన్నది. అది నాలుగుసార్లు పోయేసరికి విసుగెత్తి, వైరులోని రాగి పోగులు రెండు మూడు మెలిపెట్టి బిగిస్తున్నారు. ఇక పోదని ధీమా. నిజమే, ఫ్యూజు పోదు; కాలేది గోడలో తీగ. కొత్తగా ఎం.సి.బి.లు పెట్టించుకున్న ఇళ్ళలోనూ ఇదే వరస. 16 ఆంపియర్లది మాటిమాటికీ పడిపోతోందని, తీగ మార్చకుండా 32 ఆంపియర్లది తెచ్చి పెడుతున్నారు.

గీజరుకు బోర్డు నుంచి విడిగా తీగ లాగాలి. 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ అయితే నిశ్చింత. దానికి వేరే ఎం.సి.బి., 16 ఆంపియర్ల సాకెట్టు ఉండాలి. స్విచ్చి తడి చేతికి అందని చోట, గది బయట పెట్టించాలి.

ఇంతకంటే ముఖ్యమైనది ఎర్తు. జనం అశ్రద్ధ చేసేదీ దీనినే. మూడో పిన్నుకు తీగ తగిలించని ఇళ్ళున్నాయి. ఎర్తు లేదని న్యూట్రల్‌కే కలిపేసే పనివారూ ఉన్నారు. బయట న్యూట్రల్ తీగ తెగిననాడు గీజరు ఒళ్ళంతా కరెంటే. గొయ్యి తీసి, పైపు దింపి, బొగ్గు, ఉప్పు వేసి సరయిన ఎర్తు చేయించాలి. ఎండాకాలంలో ఆ గోతిలో నీళ్ళు పోస్తుండాలి. అయినా ఫ్యూజు కరగడానికి ఆంపియర్లు కావాలి. మనిషి ప్రాణం తీయడానికి ఆంపియరులో పదో వంతు చాలు. కనుక 30 మిల్లీఆంపియర్ల ఆర్.సి.సి.బి. కూడా బోర్డులో ఉండాలి. కరెంటు దారి తప్పిన మరుక్షణం అది సరఫరా ఆపేస్తుంది. బకెట్లో హీటరు కడ్డీ వేసుకునే ఇళ్ళకు దీని అవసరం మరీ ఎక్కువ. వాటిలోనూ స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకకుండా నీళ్ళలో చేయి పెట్టరాదు.

ఈ మార్పులకు గీజరు ధరలో కొంత భాగమయినా ఖర్చవుతుంది. పేద కుటుంబాలకు అది భారమే. అలాంటివారు ముందు బోర్డు, ఎర్తు బాగు చేయించుకొని, గీజరు మరుసటి ఏడాదికి వాయిదా వేసుకోవడం నయం.

విద్యుత్ పంపిణీ సంస్థల పాత్ర కూడా ఉన్నది. లోడు పెరిగితే అదనపు లోడుకు దరఖాస్తు చేయాలన్న సంగతి చాలామంది వినియోగదారులకు తెలియదు. తెలిసినవారు డబ్బు కట్టాలని జంకుతున్నారు. ఒక వీధిలో పది ఇళ్ళవారు ఉదయం ఆరు గంటలకు గీజర్లు వేస్తే 20 కిలోవాట్లు. 25 కె.వి.ఏ. ట్రాన్స్‌ఫార్మరు కింద ఇంకా మోటార్లూ, ఫ్రిజ్‌లూ ఉంటాయి. లోడు లెక్క తెలియకుండా అధికారులు పెద్ద ట్రాన్స్‌ఫార్మరు ఎలా వేస్తారు? చలి ముదరకముందే సిబ్బంది పంచాయతీ కార్యాలయాల వద్ద ఒక పూట కూర్చుని దరఖాస్తులు తీసుకోవాలి. కోరినవారి ఇంటి బోర్డు, ఎర్తు చూసి లోపాలు చెప్పాలి. సర్పంచులు ఆ తేదీని ముందుగా దండోరా వేయించాలి.