వెల్లుల్లి మంచిదే, కాని మాత్రకు మారు కాదు

గోదావరి పల్లెల్లో వెల్లుల్లి ఎరుగని వంటిల్లు అరుదు. ఆవకాయ జాడీలో రెబ్బలు పడాలి. చారు పోపులో చితగ్గొట్టిన రెబ్బ వాసన రావాలి. చేపల పులుసుకు అల్లం, వెల్లుల్లి నూరాలి. ఆచారం వల్ల దాన్ని ముట్టని ఇళ్లవారు కూడా దాని గుణాన్ని కాదనరు. ఉల్లి చేసిన మేలు తల్లి కూడా చేయదన్న సామెతను చాలామంది వెల్లుల్లికి కూడా వర్తింపజేస్తారు.

ఇంతవరకు పేచీ లేదు. అయితే రక్తపోటు ఉన్నవారిలో కొందరు పరగడుపున రెండు పచ్చి రెబ్బలు మింగి, డాక్టరు రాసిన మాత్రను మానివేస్తున్నారు. తల తిరగడం లేదు, నొప్పి లేదు కనుక జబ్బు పోయిందని భావిస్తున్నారు. ఇది శోచనీయం. రక్తపోటు చాలామందిలో ఏ బాధా కలిగించదు. ఒకనాడు కాలూ చేయీ పడిపోయిన తర్వాతనే అది ఉన్న సంగతి ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది.

డెల్టా ప్రాంతానికి ఇది చిన్న విషయం కాదు. 2003-04లో అప్పటి ఉభయ గోదావరి జిల్లాలలోని 45 గ్రామాలలో ఏడాది పాటు జరిగిన మరణాలకు కారణాలేమిటో జార్జి ఇన్‌స్టిట్యూట్, బైర్రాజు ఫౌండేషన్ తదితర సంస్థలు ఇంటింటా విచారించి నమోదు చేశాయి. ఆ గ్రామాల జనాభా సుమారు 1,80,000. మరణాలు 1,354. వాటిలో నూటికి 32 గుండె, రక్తనాళాల జబ్బుల వల్ల కలిగినవే. అందులో గుండెజబ్బు, పక్షవాతం ఇంచుమించు సమానంగా ఉన్నాయి. అంటువ్యాధుల వాటా నూటికి 12 మాత్రమే. పల్లెల్లో ప్రాణాలు తీసేది కలరా, విషజ్వరాలేనని, గుండెపోటు పట్నవాసుల జబ్బని అనుకునే రోజులు ఏనాడో పోయాయన్నమాట.

పెద్దలు చెప్పినది

ఆయుర్వేదం వెల్లుల్లిని లశునమని, రసోనమని అంటుంది. ఆరు రుచులలో పులుపు ఒక్కటి తక్కువైనది కనుక రసోనమైంది. రాహువు కంఠం తెగినప్పుడు నేల రాలిన అమృత బిందువుల నుంచి ఇది పుట్టిందని పురాణ గాథ. కాశ్యప సంహితలో దీనికి ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉన్నది. 1890లో మధ్య ఆసియాలోని కూచా వద్ద దొరికిన బోవర్ వ్రాతప్రతి సుమారు పదిహేను వందల ఏళ్ల నాటిది. అందులోని వైద్య భాగం వెల్లుల్లి మహిమతోనే మొదలవుతుంది.

అయితే ఆ శాస్త్రమే హద్దులు కూడా గీసింది. ఇది వేడి చేసే ద్రవ్యమని, పిత్త శరీరులు మితంగా వాడాలని హెచ్చరించింది. అందరికీ, అన్ని జబ్బులకూ ఇదొక్కటే మందని పాత వైద్యం కూడా అనలేదు. ఆ మాట తర్వాత వచ్చి చేరింది.

పరిశోధన తేల్చినది

రెబ్బను చితక్కొట్టినప్పుడు లోపలి రెండు పదార్థాలు కలిసి అల్లిసిన్ అనే కొత్త పదార్థం తయారవుతుంది. ఆ ఘాటు వాసన దానిదే. దీన్ని 1944లో అమెరికాలో కవలీటో, బెయిలీ అనే శాస్త్రజ్ఞులు వేరు చేసి, సూక్ష్మజీవులను చంపే గుణం ఉన్నదని చూపారు. చితక్కొట్టిన వెంటనే పొయ్యి మీద వేస్తే ఆ గుణం చాలావరకు పోతుంది. పది నిమిషాలు ఆగి వేస్తే కొంత నిలుస్తుంది.

బాలింతకు వెల్లుల్లి కారం పెట్టే ఆచారాన్ని కూడా కొట్టిపారేయడానికి లేదు. తల్లి వెల్లుల్లి తింటే పాలకు ఆ వాసన వస్తుందని, బిడ్డ ఎక్కువసేపు రొమ్ము పట్టుకుంటుందని 1991లో అమెరికాలో జరిగిన ఒక ప్రయోగంలో తేలింది. పాలు పెరిగినట్టు మాత్రం అందులో రుజువు కాలేదు.

ఇక రక్తపోటు సంగతి. ఎక్కువ రక్తపోటు ఉన్నవారిలో వెల్లుల్లి పొడి, సారం వంటివి పై అంకెను సగటున 8 పాయింట్ల దాకా తగ్గించినట్టు పలు ప్రయోగాలను కలిపి చూసినవారు చెప్పారు. ఇది తక్కువేమీ కాదు. కాని అవి చాలావరకు కొద్దిమందితో, కొద్ది నెలల పాటు, కొలిచి ఇచ్చిన మోతాదుతో జరిగిన ప్రయోగాలు. ఇంట్లో మింగే రెబ్బకు కొలత లేదు. పైగా 180 ఉన్నవారికి 8 తగ్గితే 172 దగ్గర నిలుస్తుంది. అది ప్రమాదమే. రక్తపోటు మాత్రలు పక్షవాతాన్ని తగ్గిస్తాయని వేలాది మందిపై, ఏళ్ల తరబడి పరీక్షించి నిరూపించారు. వెల్లుల్లికి అటువంటి రుజువు లేదు.

కొలెస్టరాల్ మీద 2007లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం 192 మందితో ఆరు నెలలు పరీక్షించింది. పచ్చి వెల్లుల్లి తిన్నవారిలోనూ చెడు కొలెస్టరాల్ తగ్గలేదు. 2020లో కరోనా వచ్చినప్పుడు వెల్లుల్లి కాపాడుతుందన్న ప్రచారానికి ఆధారం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించవలసి వచ్చింది.

ఉప్పు మాటేమిటి?

డెల్టా ప్రజలు ఆలోచించవలసిన సంగతి మరొకటి ఉన్నది. ఇక్కడ వెల్లుల్లి ఎక్కువగా నోటికి చేరేది ఆవకాయతో, ఎండుచేపల కూరతో, కారప్పొడితో. వాటిలో ఉప్పు దండిగా ఉంటుంది. రోజుకు మనిషికి ఉప్పు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచాకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఒక చేత్తో వెల్లుల్లి, మరో చేత్తో ఊరగాయ ఉప్పు తింటూ రక్తపోటు తగ్గాలనుకోవడం గండి పూడ్చకుండా కాలవ నిండాలనుకోవడమే.

జాగ్రత్తలు కూడా అవసరం. గుండెకు స్టెంటు వేయించుకుని రక్తం పలచబడే మందులు వాడుతున్నవారు వెల్లుల్లిని మందులా అధికంగా తింటే రక్తస్రావం భయం ఉన్నది. ఆపరేషను, పన్ను తీయించుకోవడం వంటి వాటికి ముందు ఈ అలవాటును డాక్టరుకు చెప్పాలి. పచ్చి వెల్లుల్లి ముద్ద చర్మంపై కడితే కాలి బొబ్బలెక్కుతుంది. పసిపిల్లలకు అసలే కట్టరాదు.

భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసు ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పి, తర్వాత అమెరికా వెళ్లి మహత్తరమైన మందులకు కారకులయ్యారు. దేశీయ వైద్యం, విదేశీ విజ్ఞానం ఒకదానికొకటి శత్రువులు కానక్కరలేదని ఈ గడ్డ మీద పుట్టిన ఆ మహనీయుని జీవితమే చెబుతుంది. పాతదైనా కొత్తదైనా పరీక్షకు నిలిచినదే మందు.

కనుక వెల్లుల్లి తినేవారు నిరభ్యంతరంగా తినవచ్చు. ముప్పయి ఏళ్లు దాటిన ప్రతివారూ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తపోటు చూపించుకోవాలి. మాత్ర రాస్తే రోజూ వేసుకోవాలి. మానాలనుకుంటే ఆ మాట ముందు డాక్టరుతో అనాలి. ఇంట్లో పెద్దవారు మాత్ర మానివేసి వెల్లుల్లితో సరిపెట్టుకుంటున్నారేమో కొడుకులు, కోడళ్లు, కూతుళ్లు ఈ రోజే విచారించడం మంచిది.