‘తిన్నవా?’ తర్వాత ఏంటి?

నస్పూర్, శ్రీరాంపూర్ కాలనీల నుంచి హైదరాబాద్‌లోని అశోక్‌నగర్, చిక్కడపల్లి, దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లకు రోజూ వెళ్లే ఫోన్ కాల్ ఒకటుంది. ఎవరింటిదైనా కాస్త అటూఇటుగా ఇలాగే ఉంటుంది. ‘‘తిన్నవా?’’ ‘‘తిన్న.’’ ‘‘ఏం కూర?’’ ‘‘పప్పు.’’ ‘‘చదువుతున్నవా?’’ ‘‘ఆ, చదువుతున్న.’’ ‘‘పైసలున్నయా?’’ ‘‘ఉన్నయ్ బాపు.’’ ‘‘సరే, పైలం.’’ నిమిషం కూడా పట్టదు. ఫోన్ పెట్టేశాక అటు తండ్రికీ, ఇటు కొడుక్కీ ఒక పని అయిపోయినట్టు ఉంటుంది.

ఈ కాల్‌ని వెక్కిరించాలని కాదు. ఎనిమిది గంటలు బాయిలో పనిచేసి వచ్చిన మనిషి బిడ్డ తిన్నాడో లేదో అడగడం కంటే ప్రేమ ఇంకేం చూపిస్తాడు? కానీ ఒక్కటి గమనించండి. ఆ నిమిషంలో కొత్త సంగతి ఒక్కటీ లేదు. కొడుకు ప్రిలిమ్స్‌లో పోయిన విషయం లేదు. బాపుకు నడుంనొప్పి వచ్చి నాలుగు మస్టర్లు పోయిన విషయం లేదు. రోజూ మాట్లాడుకుంటున్న ఇద్దరు మనుషులు ఒకరి గురించి ఒకరు ఏమీ తెలియకుండా ఏడాది గడిపేయొచ్చు. ఫోన్ వచ్చాక మనుషులు మాట్లాడుకోవడం మానేశారన్న పాత ఫిర్యాదు నాకు సరైందిగా అనిపించదు. మాట్లాడుతూనే ఉన్నాం. రోజూ మాట్లాడుతున్నాం కాబట్టి దాచడం తేలికైంది. అసలు ఇబ్బంది అక్కడుంది.

పాత రోజులు గొప్పవని చెప్పడం కూడా నిజం కాదు. ఇన్‌లాండ్ లెటర్ల కాలంలోనూ ‘ఇచట మేమంతా క్షేమం, అచట మీరంతా క్షేమమని తలుస్తాను’ అనే వాక్యం ఉండేది. ఆ రోజుల ‘తిన్నవా’ అదే. క్షేమంగా లేనివాళ్లు కూడా అదే రాసేవాళ్లు. తేడా ఏంటంటే, ఆ ఉత్తరం నెలకోటి వచ్చేది. క్షేమం అనే మాట అయిపోయాక కూడా మూడు మడతల కాయితం ఖాళీగా మిగిలి ఉండేది. దాన్ని నింపాలి. పొలం సంగతో, పక్కింటి పెళ్లో, అప్పు సంగతో రాయక తప్పేది కాదు. తర్వాత ఎస్టీడీ బూత్‌లు వచ్చాయి. రాత్రి పదకొండు దాటితే పావు రేటు అని లైన్ కట్టేవాళ్లు. మీటర్ మీద ఎర్ర అంకెలు పరుగెడుతుంటే చెప్పాల్సింది ముందే మనసులో పేర్చుకుని, ముఖ్యమైన మాటతో మొదలుపెట్టేవాళ్లు. ఇప్పుడు మాటకు ఖర్చు లేదు. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చిన తర్వాత నిమిషాల లెక్కే పోయింది. ‘రేపు చెప్పొచ్చులే’ అనుకోవడానికి రోజూ ఒక రేపు దొరుకుతోంది.

మన ఉత్తర తెలంగాణలోనే ఇంకో ఉదాహరణ ఉంది. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్ల ఇళ్లలో ఒకప్పుడు టేప్ రికార్డర్ ఉండేది పాటల కోసం ఒక్కటే కాదు. చదువురాని భార్య, చదువురాని భర్త క్యాసెట్‌లో మాట రికార్డు చేసి, ఊరికి వచ్చిపోయేవాళ్ల చేతికిచ్చి పంపుకునేవాళ్లు. ఆ క్యాసెట్‌లో ఒక మనిషి అరగంట ఒక్కరే మాట్లాడతారు. మధ్యలో ‘సరే సరే’ అని ఎవరూ ఆపరు. ఏడుపొస్తే ఏడుపు కూడా రికార్డవుతుంది. ఇప్పుడు మనం వాట్సాప్‌లో పంపే వాయిస్ మెసేజ్ దాని మనవడే. కాకపోతే మనం దాన్ని ‘అన్నా, లొకేషన్ పంపు’ అనడానికి వాడుతున్నాం.

నస్పూర్ లాంటి చోట ఈ సంగతికి ఇంకో కోణం ఉంది. ఇది వేరే ఊళ్ల పిల్లలకు అంత తొందరగా అర్థం కాదు. ఆర్‌కే-5, ఆర్‌కే-7, ఎస్‌ఆర్‌పీ-3 లాంటి అండర్‌గ్రౌండ్ గనుల్లోకి మామూలు సెల్‌ఫోన్ తీసుకుపోవడానికి లేదు. మీథేన్ ఉండే చోటికి నిప్పురవ్వ పుట్టే ఏ వస్తువూ పోకూడదు కాబట్టి సెల్‌ఫోన్‌కీ, అగ్గిపెట్టెకీ, బీడీకీ ఒకటే రూలు. లోపలి నుంచి పైకి మాట్లాడేందుకు గని సొంత టెలిఫోన్ లైన్ ఉంటుంది, అది పని కోసం. అంటే దేశమంతా ఇరవై నాలుగు గంటలూ ఆన్‌లైన్‌లో ఉన్న ఈ కాలంలో కూడా, మన ఇళ్లల్లో ఒక మనిషి రోజూ షిఫ్ట్ మొత్తం అందుబాటులో ఉండడు. క్యాప్ ల్యాంప్ తీసుకుని దిగాడంటే మళ్లీ ల్యాంప్ ఇచ్చి బయటకొచ్చేదాకా అంతే. ఆ సమయంలో అతనికి పక్కన పనిచేసేవాళ్లే లోకం. పైకప్పు చప్పుడు తేడాగా వినిపిస్తే ముందు అరిచేది పక్కవాడే. రిటైరై పాతికేళ్లయినా బాయి దోస్తులు ఒకరి ఇంటి పెళ్లికి ఒకరు ముందురోజే వచ్చి కూర్చోవడం మీరు చూసే ఉంటారు. ఆ స్నేహం ఫోన్ లేని గంటల్లో పుట్టింది. ప్రమాదం కూడా అందులో ఉంది కాబట్టి దాన్ని మరీ అందంగా చెప్పకూడదు. 2021 నవంబర్ 10న ఎస్‌ఆర్‌పీ-3 గనిలో పైకప్పు కూలి నలుగురు కార్మికులు చనిపోయారు. ఈ బెల్ట్‌లో పుట్టినవాళ్లకు షిఫ్ట్ అయిపోయిన తర్వాత వచ్చే ‘తిన్నవా’ ఫోన్ విలువ వేరు. ‘నేను పైకొచ్చిన’ అని దానర్థం.

అందుకే ఆ కాల్ ఆగిపోకూడదు. దాని తర్వాత ఇంకోటి ఉండాలి.

ఎందుకంటే ఈ ప్రాంతంలో ఉద్యోగం వెతుక్కునే పిల్లలకు, తల్లిదండ్రులకు మధ్య తేల్చుకోవాల్సిన విషయం ఒకటుంది. అది నిమిషం కాల్‌లో తేలేది కాదు. 2016లో ప్రకటించిన వారసత్వ ఉద్యోగాల పథకాన్ని 2017లో హైకోర్టు కొట్టేసింది. ఆ తర్వాత మిగిలింది కారుణ్య నియామకం. కార్మికుడు చనిపోతేనో, జబ్బు వల్ల పనికి అన్‌ఫిట్ అని మెడికల్ బోర్డు తేల్చితేనో ఇంట్లో ఒకరికి ఉద్యోగం. దానికి వయోపరిమితి ఉంది. తండ్రికి మోకాళ్లు అరిగిపోయాయి, ఊపిరి ఆడటం లేదు, బోర్డుకు పెట్టుకోవాలా వద్దా అని ఆలోచిస్తుంటాడు. పెట్టుకుంటే తన జీతం ఆగిపోతుంది, బిడ్డ కింది స్థాయి నుంచి మొదలుపెట్టాలి. బిడ్డేమో గ్రూప్స్ అనో, బ్యాంక్ పీఓ అనో హైదరాబాద్‌లో మూడో ఏడు. ‘‘నీకిది వస్తదా? రాకపోతే నేను బోర్డుకు పోతా’’ అని తండ్రి అడగలేడు, అడిగితే నమ్మకం లేదనుకుంటాడేమో అని. ‘‘నాకు రావట్లేదు బాపు’’ అని కొడుకు చెప్పలేడు. ఇద్దరూ ‘‘తిన్నవా, తిన్న’’ దగ్గర ఆగిపోతారు. ఈలోగా ఒకరి ఆరోగ్యం, ఇంకొకరి వయసు, రెండూ కరిగిపోతుంటాయి. మధ్యలో ‘నేను చేయిస్తా’ అని తిరిగే దళారులు ఉండనే ఉన్నారు. ఇంట్లో మాట లేని చోటే వాళ్లకు చోటు దొరుకుతుంది.

విచిత్రం ఏంటంటే, ఇదే కొడుకు తన మార్కుల సంగతి ఎవరికీ చెప్పట్లేదా అంటే చెబుతున్నాడు. కీ విడుదలైన గంటలోపు టెలిగ్రామ్ గ్రూపులో రెస్పాన్స్ షీట్ లెక్క పెట్టేస్తాడు. ‘నాకు ఇంత వస్తోంది, కట్-ఆఫ్ దాటుతానా?’ అని ముక్కూమొహం తెలియని వేలమందిని అడుగుతాడు. ప్రొఫైల్‌లో పేరు కూడా సొంతది కాదు. అక్కడ ఓడిపోవడం సులువు, ఎందుకంటే అక్కడ ఓడిపోయేది ఆ మారుపేరు. ఇంట్లో అలా కుదరదు. ఫలితం పీడీఎఫ్‌లో హాల్‌టికెట్ నంబర్ లేదని మేనమామకో, బాబాయికో ముందే తెలిసిపోయి, వాళ్ల ద్వారా ఇంటికి తెలిసిన సందర్భాలు చాలామందికి అనుభవమే. ఆ రోజు తండ్రికి బాధ కలిగేది ఫలితం వల్ల కొంత, తనకు చెప్పలేదన్నందుకు ఎక్కువ.

కెరీర్ పేజీలో ఈ సొదంతా ఎందుకు అంటారా? ఇంటర్వ్యూ బోర్డు ముందు చాలామంది తడబడే ప్రశ్న ఒకటుంది: ‘‘డిగ్రీ అయ్యాక ఈ మూడేళ్లు ఏం చేశారు?’’ దీనికి సమాధానం యూట్యూబ్‌లో దొరికే రెడీమేడ్ వాక్యాలతో చెబితే మొదటి మాటకే తెలిసిపోతుంది. ఒక్కసారైనా ఆ మూడేళ్ల కథను సొంత మనిషి ముందు, నోటితో, పూర్తిగా చెప్పుకున్నవాళ్లు తడబడరు. ‘రెండుసార్లు ప్రిలిమ్స్ పోయింది, మూడోసారి మెయిన్స్ దాకా వెళ్లాను, లెక్కల్లో వెనకబడ్డాను’ అని మామూలుగా చెప్పేస్తారు. కమ్యూనికేషన్ స్కిల్స్ అని కోర్సులకు డబ్బు కట్టేముందు దీన్ని ఇంట్లో ప్రయత్నించి చూడండి. పైసా ఖర్చు లేదు.

దగ్గరివాళ్లతో ఇలా ఉంటే, అంత దగ్గరకాని వాళ్లతో మన తీరు ఇంకా వింతగా ఉంటుంది. ఇంటర్‌లో పక్కన కూర్చున్న అబ్బాయి ఇప్పుడు ఏదో కంపెనీలో ఉన్నాడని తెలుసు. వాట్సాప్ స్టేటస్ రోజూ చూస్తాం. నాలుగేళ్లు ఒక్క మాట మాట్లాడం. అవసరం రాగానే ‘హాయ్’ అని పెట్టి ఊరుకుంటాం. అతను ‘హాయ్’ అంటాడు. ‘ఎలా ఉన్నావ్?’ ‘బాగున్నా.’ నాలుగో మెసేజ్‌కి ‘మీ కంపెనీలో ఓపెనింగ్స్ ఏమైనా...’ అని బయటపడుతుంది. అతనికి ఇది ఈ వారంలో ఆరోది అయ్యుంటుంది.

ఈ పలచని పరిచయాలు తక్కువవి కావు. మార్క్ గ్రానోవెటర్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త 1973లో రాసిన వ్యాసం ఈ విషయంలో ఇప్పటికీ చెప్పుకునేది. బోస్టన్ పక్కన న్యూటన్ అనే ఊళ్లో, తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవారిని ఆయన అడిగాడు: ఆ మనిషిని అప్పట్లో మీరు ఎంత తరచుగా కలిసేవారు? తరచూ అన్నవాళ్లు 16.7 శాతం. అప్పుడప్పుడు అన్నవాళ్లు 55.6 శాతం. అరుదుగా అన్నవాళ్లు 27.8 శాతం. అది చిన్న సర్వేనే, అయినా కారణం తేలిగ్గా అర్థమవుతుంది. మన దగ్గరి దోస్తులకు తెలిసినవి మనకూ తెలుసు. దూరపు పరిచయానికి వేరే లోకం తెలుసు. 2022లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన అధ్యయనం లింక్డ్‌ఇన్‌లో సుమారు 2 కోట్ల మంది డేటాతో ఇదే పరీక్షించింది. మరీ దగ్గరివాళ్లూ కాదు, మరీ తెలియనివాళ్లూ కాదు, ఓ మోస్తరు పరిచయం ఉన్నవాళ్ల వల్లే ఉద్యోగం మారే అవకాశం ఎక్కువని తేల్చింది.

మరి ఆ మోస్తరు పరిచయాన్ని ఎలా నిలుపుకోవాలి? స్టేటస్ చూడటం పరిచయం కాదు. ‘హాయ్’ కూడా కాదు. ఒక్క మెసేజ్‌లో మీరెవరో, ఏం కావాలో, అతను ఎంత పని చేయాల్సి ఉంటుందో చెప్పేయండి. ‘మంచిర్యాలలో ఇంటర్ కలిసి చదివాం, నేను ఇప్పుడు ఫలానా కోర్సు పూర్తిచేశాను, మీ కంపెనీలో ఈ నంబర్ పోస్టుకు అప్లై చేశాను, రెజ్యూమె ఒకసారి చూసి తప్పులు చెప్పగలవా?’ ఇలా అడిగితే కాదనేవాడు కూడా గౌరవంగా కాదంటాడు. అతను సహాయం చేశాక ఏమైందో తిరిగి చెప్పండి. రాకపోయినా చెప్పండి. ఈ చివరిది పదిమందిలో ఒకరు కూడా చేయరని నా అనుమానం, అందుకే చేసినవాళ్లు గుర్తుండిపోతారు.

ఇవేవీ చెప్పుకోలేనంత బరువుగా ఉన్న రోజులు కూడా ఉంటాయి. నిద్ర పట్టక, ఎవరికీ చెప్పబుద్ధి కాక, ఫోన్ స్విచాఫ్ చేసి పడుకునే రోజులు. అలాంటప్పుడు 14416కు చేయండి. 2022 అక్టోబర్‌లో కేంద్రం మొదలుపెట్టిన టెలీ మానస్ నంబర్ అది. ఉచితం, రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. తెలియని మనిషికి చెప్పుకోవడం తేలికన్న సంగతిని మంచికి వాడుకునే చోటు అదొకటి.

ఇక ఇంటి సంగతి. పెద్ద మాటను ఫోన్‌లో మొదలుపెట్టలేకపోతే క్యాసెట్ పద్ధతి పాటించండి. ఐదు నిమిషాల వాయిస్ మెసేజ్‌లో ఎవరూ అడ్డురాకుండా చెప్పేసి, ‘తీరిగ్గ విను బాపు, తర్వాత నువ్వే చెయ్యి’ అనండి. విన్నాక ఆయనకు కూడా ఆలోచించుకునే సమయం దొరుకుతుంది, వెంటనే కోపం తెచ్చుకోవాల్సిన పని ఉండదు. ఫలితం వచ్చిన రోజు మాత్రం మేనమామ కంటే ముందు మీరే చేయండి. ఆయన ఆ వారం ఏ షిఫ్ట్‌లో ఉన్నాడో మీకు తెలుసా? మొదటి షిఫ్ట్ అయితే సాయంత్రం దొరుకుతాడు, రెండోదైతే పొద్దున. రాత్రి షిఫ్ట్ చేసి పడుకున్న మనిషిని పొద్దున పదింటికి లేపి ఏ సంగతీ చెప్పకండి.

కారుణ్య నియామకం లాంటి విషయమైతే వాయిస్ మెసేజ్ కూడా చాలదు. మంచిర్యాలకు సికింద్రాబాద్ నుంచి రైల్లో నాలుగైదు గంటలు. పండక్కి వెళ్తే ఇంటినిండా చుట్టాలుంటారు, మాట పడదు. ఆయన ప్లే డే ఎప్పుడో కనుక్కుని, ముందురోజు సాయంత్రం బండెక్కండి.