సాతానును నిందించే ముందు బీరువాను చూడండి



మూడు ఆదివారాలు వరుసగా మన ఆరాధన లైవ్ వాక్యం మధ్యలో ఆగిపోయిన సంగతి ఇంటి దగ్గర నుండి చూసే మీకు తెలుసు. మంచం దిగలేని తల్లులకు ఆ లైవే మందిరం. "ఇది సాతాను పోరాటం అయ్యగారూ, ఉపవాసముందాం" అన్నారు కొందరు. "లైవ్ చూసుకునే కుర్రవాడికి శ్రద్ధ లేదు" అన్నారు మరికొందరు. నేనూ ఆ మాటే నమ్మి, మూడవ ఆదివారం అందరి ముందు ఆ తమ్ముణ్ణి గట్టిగా మందలించాను. మరుసటి వారం అతడు ఆరాధనకు రాలేదు.

అప్పుడు గాని నేను రౌటర్ దగ్గరకు వెళ్లలేదు. ఎల్‌ఓఎస్ అని రాసి ఉన్నచోట ఎర్ర లైటు లేదు. అంటే బయటి ఫైబర్ లైను తెగలేదు. రౌటర్ పక్కన నిలబడితే వీడియో ఆగడం లేదు. పుల్పిట్ దగ్గరకు వస్తే సిగ్నల్ ఒక్క గీత. మధ్యలో ఏముంది? కానుకల లెక్కల పుస్తకాల కోసం తెచ్చిన ఇనుప బీరువా! వైఫై రేడియో తరంగం. గోడ దాన్ని బలహీనపరుస్తుంది, ఇనుము అడ్డుకుంటుంది. లైవ్ ఫోను కలిసింది కూడా 5 గిగాహెర్ట్జ్‌కు. అది వేగమైనదే గాని గోడలు దాటడంలో 2.4 అంత బలమైనది కాదు. అదీగాక మన జేబుల్లోని ఫోన్లన్నీ ఆ ఒక్క వైఫైనే పంచుకుంటున్నాయి.

బీరువా అక్కడ పెట్టమన్నది నేనే.

రౌటర్‌ను గోడకు ఎత్తుగా బిగించాం, లైవ్ ఫోనును 2.4కు మార్చాం, పాస్‌వర్డ్ మార్చాం. గత ఆదివారం లైవ్ ఆగలేదు. అతని కుర్చీ మాత్రం ఖాళీగానే ఉంది.

సాతాను లేడని నేను చెప్పడం లేదు. ఎఫెసీ పత్రిక 6వ అధ్యాయం నమ్మే బోధిస్తున్నాను. కాని మన అజాగ్రత్తకు వాడి పేరు పెట్టడం విశ్వాసం అనిపించుకోదు. ఆ వారాల్లో వాడు పనిచేసి ఉంటే నా నాలుక మీదే పనిచేశాడు. యోహాను సువార్త 9వ అధ్యాయంలో పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు పాపం ఎవరిదని అడిగారు. ప్రభువు ఆ లెక్కను ఒప్పుకోలేదు, ఆ మనిషికి చూపునిచ్చాడు.

మీ ఇంట్లో నెట్ ఆగినా పిల్లల మీద కేకలు వేయకండి. ప్రార్థన చేసుకోండి, లేచి లైటు చూడండి, రౌటర్ దగ్గరగా నిలబడి చూడండి, అడ్డుగా ఏముందో చూడండి. ఆ తర్వాతే ఎవరినైనా అనండి.

నిన్న అతని ఇంటికి వెళ్లాను. "పర్లేదు అయ్యగారూ" అన్నాడు గాని తల ఎత్తలేదు. అందరి ముందు అన్నాను గనుక ఈ ఆదివారం అందరి ముందే క్షమాపణ అడుగుతాను. అతడు వచ్చేలా ప్రార్థించండి.

ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమెన్.